పాత బండికి కొత్త చైన్: పేరు చెప్పి కాదు, కొలిచి కొనండి

(చెన్నైలో పాత మోటార్‌సైకిళ్లు నడిపే తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. బయట వరుసగా నిలబెట్టిన బళ్లు చూసుకుంటూ లోపలికి వచ్చాను. బుల్లెట్లు, యెజ్దీలు, ఆర్‌ఎక్స్ 100లు, మూలన ఒక రాజ్‌దూత్. అన్నీ నడుస్తున్న బళ్లే.

చైన్ గురించి మాట్లాడుకోవడానికి చెన్నైని మించిన ఊరు లేదు. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్లు ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీతో చేయి కలిపాక బుల్లెట్ తయారైంది ఇక్కడి తిరువొత్తియూరులోనే. డైమండ్ చైన్ మన అంబత్తూరుది. రోలాన్ చైన్ కోయంబత్తూరుది. జి.పి. రోడ్డులో ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిస్తే దొరకని స్పేర్ ఉండదు. అక్కడ లేకపోతే పాత సామాన్ల పుదుప్పేట ఎటూ ఉంది. ఇన్ని చేతికందే దూరంలో ఉన్నా, నా దగ్గరకు వచ్చే పాత బళ్లలో సరిపడని చైన్‌తో తిరుగుతున్నవి ఎన్నో. కారణం ఒక్కటే. కౌంటర్ దగ్గర నిలబడి మనం చెప్పేది బండి పేరు. "బుల్లెట్ చైన్ ఇవ్వండి" అంటాం. ఆయన ఒక డబ్బా ఇస్తాడు. మనం తెచ్చుకుంటాం.

కొత్త బండికైతే పేరు చాలు. పాత బండికి చాలదు. యాభై ఏళ్ల బండి మీద యాభై ఏళ్ల రిపేర్లు ఉంటాయి. ఎవరో ఎప్పుడో స్పీడు కోసం ముందు స్ప్రాకెట్, అంటే చైన్ తిరిగే పళ్ల చక్రం, మార్చి ఉంటారు. ఇంకెవరో స్పేర్ దొరక్క వేరే మోడల్ వెనక చక్రం వేసి ఉంటారు. ఆర్‌సీలో రాసున్న మోడల్ వేరు, మీ స్టాండు మీద నిలబడ్డ బండి వేరు. అందుకే ఇవాళ నేను ఏ బండికీ చైన్ నంబరు చెప్పను. మీ బండికి ఏ చైన్ కావాలో మీరే ఎలా తేల్చుకోవాలో చెప్తాను.

చైన్‌కు మూడు కొలతలు. మొదటిది పిచ్, అంటే ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకు దూరం. రెండోది లోపలి వెడల్పు, అంటే లోపలి రెండు ప్లేట్ల మధ్య ఖాళీ. స్ప్రాకెట్ పన్ను దూరేది ఆ సందులోనే. మూడోది రోలర్ వ్యాసం, రోలర్ అంటే రెండు ప్లేట్ల మధ్య తిరిగే గుండ్రటి గొట్టం. మొదటి రెండూ అందరూ చూస్తారు, మూడోదాన్ని వదిలేస్తారు. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

మన బళ్లకు వచ్చే పిచ్‌లు ముఖ్యంగా రెండు. అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. 5/8 అంగుళం, అంటే 15.875 మిల్లీమీటర్లు. ఆర్‌ఎక్స్ 100 లాంటి చిన్న బళ్లకు అర అంగుళం. బుల్లెట్‌కు 5/8. పిచ్‌లో పొరపాటు పడే అవకాశం లేదు, తప్పు పిచ్ అసలు పళ్ల మీద కూర్చోదు. గొడవంతా వెడల్పుతో. 5/8 పిచ్‌లోనే 1/4 వెడల్పుది ఉంది, 5/16ది ఉంది, 3/8ది ఉంది. మూడింటికీ రోలర్ వ్యాసం ఒకటే, 10.16 మిల్లీమీటర్లు. కాబట్టి సన్నటి స్ప్రాకెట్ మీద వెడల్పు చైన్ హాయిగా కూర్చుంటుంది, తిరుగుతుంది. మీకు ఏ తేడా తెలియదు. కానీ పన్ను మీద చైన్ అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. ప్లేట్లు పన్ను పక్కల్ని కోస్తాయి. కొన్నాళ్లకు చైన్ బాగానే కనిపిస్తుంది, స్ప్రాకెట్ మాత్రం పోతుంది.

ఈ కొలతలకు జపాన్ వాళ్లు మూడంకెల నంబర్లు పెట్టారు. డబ్బా మీద ఉండేది అదే. మొదటి అంకె పిచ్. 4 అంటే ఎనిమిదింట నాలుగు, అంటే అర అంగుళం. 5 అంటే 5/8. తర్వాతి రెండంకెలు వెడల్పు: 520 అంటే 1/4, 525 అంటే 5/16, 530 అంటే 3/8. ఇక్కడొక మెలిక ఉంది. 428లో ఆ 28 చూసి అది 525 కంటే వెడల్పు అనుకుంటారు. కాదు, రెండింటి లోపలి వెడల్పూ 5/16 అంగుళమే. నంబరు గుర్తు పెట్టుకోవడానికి పనికొస్తుంది, లెక్క కట్టడానికి కాదు. 428 పక్కన హెచ్ అని ఉంటే ప్లేట్లు మందం అని అర్థం. లోపలి కొలతలు మారవు, బయటి వెడల్పు పెరుగుతుంది. చైన్ కవర్ దగ్గర సందు తక్కువున్న బళ్లకు ఆ కాస్తే తగిలి చప్పుడు చేస్తుంది.

ఇప్పుడు రోలర్ విషయానికి వస్తాను. ప్యారీస్ కార్నర్ దగ్గర మెషీన్ సామాన్ల కొట్లలో అర అంగుళం పిచ్, 5/16 వెడల్పు ఇండస్ట్రియల్ చైన్ దొరుకుతుంది. నంబర్ 40 అంటారు. అమెరికన్ కొలత. మీటర్ల లెక్కన కోసి ఇస్తారు, ధర తక్కువ. పిచ్ సరిపోయింది, వెడల్పు సరిపోయింది, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ దాని రోలర్ 7.9 మిల్లీమీటర్లు. మన 428 రోలర్ 8.5. స్ప్రాకెట్ పళ్ల మధ్య గుంట 8.5 రోలర్ కోసం చేసింది. చిన్న రోలర్ ఆ గుంటలో నిండుగా కూర్చోదు. యాక్సిలరేటర్ తిప్పినప్పుడు ముందుకీ, వదిలినప్పుడు వెనక్కీ కొట్టుకుంటుంది. ఆ దెబ్బలన్నీ పళ్ల మీద పడతాయి. 5/8లో ఈ చిక్కు లేదు, ఆ పిచ్ ఇండస్ట్రియల్ చైన్ నంబర్ 50, దాని రోలర్ కూడా 10.16నే. అయినా నేను ఇండస్ట్రియల్ చైన్ బండికి వేయమని చెప్పను. ఫ్యాక్టరీలో చైన్ ఒకే వేగంతో తిరుగుతుంది. సింగిల్ సిలిండర్ బండిలో ఇంజన్ కొట్టిన ప్రతి దెబ్బా చైన్‌కు తగులుతుంది. మోటార్‌సైకిల్ చైన్ ఆ పని కోసం చేసింది.

కొలవడానికి వెర్నియర్, అంటే దవడలున్న కొలత స్కేలు, ఒకటి కొనుక్కోండి. చైన్ ధరతో పోలిస్తే దాని ధర ఏమంత కాదు. లోపలి వెడల్పు వెర్నియర్ పై దవడలతో కొలవండి. రోలర్ వ్యాసం కింది దవడలతో. స్ప్రాకెట్ పన్ను మందం కూడా చూడండి, అరగని చోట, పన్ను మొదట్లో. పాత చైన్‌ను నమ్మకండి, స్ప్రాకెట్‌ను నమ్మండి. బండి మీద ఉన్న చైన్ కూడా ఎవరో పేరు చెప్పి కొని వేసిందే కావచ్చు. పన్ను మందం లోపలి వెడల్పు కంటే కొంచెమే తక్కువ ఉండాలి. 5/8 పిచ్ స్ప్రాకెట్ పన్ను 6 మిల్లీమీటర్ల లోపు ఉంటే అది 1/4 చైన్‌ది. 9కి దగ్గర్లో ఉంటే 3/8ది. బుల్లెట్ వాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి.

ఇదిగో, ఈ రెండు చైన్లు చూడండి. వెనక కూర్చున్నవాళ్లు ముందుకు రండి, పరవాలేదు. ఇది కొత్తది, ఇది ఒక బుల్లెట్ నుంచి తీసింది, రెండూ 5/8. బల్ల మీద పక్కపక్కన పెట్టి గట్టిగా లాగుతున్నాను. కొత్తదానిలో ఒక పిన్ను నుంచి ఇరవై లింకులు లెక్కపెట్టి ఇరవై ఒకటో పిన్ను దాకా కొలిస్తే 317.5 మిల్లీమీటర్లు. పాతదానిలో అవే ఇరవై లింకులు 325 వచ్చాయి. చైన్ సాగిందని అంటాం. నిజానికి ఇనుము సాగలేదు, ప్లేట్లు అలాగే ఉన్నాయి. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ పేటెంట్ తీసుకున్న బుష్ రోలర్ చైన్‌నే మనం ఇప్పటికీ వాడుతున్నాం. దానిలో పిన్ను బుష్ అనే చిన్న గొట్టం లోపల తిరుగుతుంది, బుష్ మీద రోలర్ తిరుగుతుంది. అరిగేది పిన్నూ బుష్షూ రాసుకునే చోట. కంటికి కనబడని ఆ అరుగుదల ఒక్కో లింకులో ఇంత చేరి, మొత్తం కలిపి ఏడెనిమిది మిల్లీమీటర్లు అయింది.

మామూలు చైన్‌కు రెండు శాతం దాటితే తీసేయాలి. 5/8 చైన్‌లో ఇరవై లింకులకు 324, అర అంగుళం చైన్‌లో 254 ఉండాల్సింది 259. నేనైతే ఒకటిన్నర శాతం దగ్గరే కొత్తది కొనుక్కోమంటాను. రెండు శాతానికి వచ్చేసరికి స్ప్రాకెట్‌ను కూడా తినేస్తుంది. కొలవడానికి వీలు లేకపోతే ఇంకో పని చేయండి. వెనక స్ప్రాకెట్ చివర, చైన్ పూర్తిగా చుట్టుకున్న చోట, వేలితో చైన్‌ను వెనక్కి లాగండి. పన్ను సగం బయటపడితే దాని పని అయిపోయినట్టే. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఒకచోట టైట్‌గా, ఇంకోచోట లూజుగా ఉండే చైన్ కొలతలో పాసైనా పనికిరాదు. ఏళ్ల తరబడి షెడ్డులో నిలబడ్డ బళ్లలో, సముద్రపు గాలికి కొన్ని లింకులు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. తిరువాన్మియూరు, ఎన్నూరు వైపు ఉండేవాళ్లకు ఇది బాగా తెలుసు. నూనె పోస్తే కదులుతాయి, కానీ లోపల తుప్పు తిన్న పిన్ను తిరిగి రాదు.

చైన్ మారిస్తే రెండు స్ప్రాకెట్లూ మార్చాలా అని అడుగుతారు. మార్చాలి. అరిగిన పన్ను కొడవలి మొనలా ఒక పక్కకు వంగుతుంది, దాని గుంట సాగిన చైన్ పిచ్‌కు అలవాటు పడి ఉంటుంది. దాని మీద కొత్త చైన్ వేస్తే భారమంతా ఒకటి రెండు పళ్ల మీదే పడుతుంది. ఆర్‌ఎక్స్ 100కు మార్చడం సులువు, కిట్ దొరుకుతుంది. కష్టం పాత బుల్లెట్‌తోనే. దాని వెనక స్ప్రాకెట్ బ్రేక్ డ్రమ్‌తో కలిసి ఒకే ముక్క. ముందు స్ప్రాకెట్ ప్రైమరీ కేసు, అంటే ఇంజన్ నుంచి క్లచ్‌కు వెళ్లే ప్రైమరీ చైన్‌ను మూసే పెట్టె, వెనక ఉంటుంది. దాన్ని తీయాలంటే క్లచ్ విప్పాలి. అందుకే మెకానిక్కులు "వెనకది చాలండీ, ముందుది బాగానే ఉంది" అంటారు. ముందు స్ప్రాకెట్‌కు పళ్లు తక్కువ. వెనకది ఒక చుట్టు తిరిగేలోపు అది రెండు చుట్లు దాటి తిరుగుతుంది. ముందుగా అరిగేది అదే. ఒక పూట పని ఎక్కువైనా సరే, విప్పించండి. విప్పినప్పుడు ప్రైమరీ చైన్ టెన్షన్, గేర్ బాక్స్ ఆయిల్ సీల్ కూడా చూసుకోవచ్చు.

ముందు పళ్లు తగ్గించుకుందామనే ఆలోచన చాలామందికి ఉంటుంది, పికప్ కోసం. వద్దని నా సలహా. చైన్ గుండ్రంగా తిరగదు, పన్ను పన్నుకూ మడత పడుతూ తిరుగుతుంది. దానివల్ల చైన్ వేగం ప్రతి పన్నుకూ పెరిగి తగ్గుతుంది. 16 పళ్ల స్ప్రాకెట్‌లో ఆ హెచ్చుతగ్గు సుమారు రెండు శాతం, 11 పళ్లదానిలో నాలుగు శాతం. పళ్లు తగ్గేకొద్దీ చైన్‌కు కుదుపు, మడత రెండూ పెరుగుతాయి. కంపెనీ ఇచ్చిన పళ్లే ఉంచండి.

ఇక అందరూ అడిగే ప్రశ్న, ఓ రింగ్ చైన్ వేయాలా వద్దా. ఓ రింగ్ చైన్‌లో పిన్నుకూ బుష్‌కూ మధ్య కంపెనీలోనే గ్రీజు పెట్టి, ప్లేట్ల మధ్య రబ్బరు రింగులతో మూసేస్తారు. దుమ్ము లోపలికి పోదు, గ్రీజు బయటకు రాదు. చాలా కాలం వస్తుంది. మంచి వస్తువే, దానితో నాకు పేచీ లేదు. కానీ పాత బండికి అది కొలతల్లో ఇమడదు. రబ్బరు రింగుల కోసం పిన్నులు పొడుగు, చైన్ మొత్తం వెడల్పు ఎక్కువ. పాత బళ్లలో చైన్‌కూ కేసుకూ, చైన్‌కూ టైరుకూ మధ్య సందు మామూలు చైన్‌కే లెక్క పెట్టి ఇచ్చారు. ముఖ్యంగా ప్రైమరీ కేసు వెనక నుంచి చైన్ వెళ్లే బళ్లలో, పిన్ను తలలు కేసుకు రాసుకుని అల్యూమినియం పొడి రాలడం కళ్లారా చూశాను. వేయాలనుకుంటే ముందు పాత చైన్ మీద బయటి వెడల్పు కొలవండి, కొత్తదాని వెడల్పు డబ్బా మీద చూడండి. తేడాలో సగం రెండు వైపులా ఖాళీ ఉందో లేదో చక్రం తిప్పి, అన్ని చోట్లా చూడండి. ఉంటే వేసుకోండి.

యెజ్దీ, ఆర్‌ఎక్స్ 100 వాళ్లకు ఓ రింగ్ చైన్ అవసరమే లేదు. ఆ బళ్లకు కంపెనీవాళ్లే చైన్ మొత్తాన్ని కప్పే కవరు ఇచ్చారు. మైసూరులో జావా, యెజ్దీ చేసిన ఇంజనీర్లు మన రోడ్ల దుమ్ము చూసే ఆ కవరును కొనసాగించారో లేదో గానీ, అది మన రోడ్లకు అతికినట్టు సరిపోయింది. దయచేసి స్టైల్ కోసం ఆ కవరు తీసేయకండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనైనా గొడవ పడతాను. కవరు ఉన్న మామూలు చైన్, కవరు లేని ఖరీదైన చైన్ కంటే శుభ్రంగా ఉంటుంది. కవరు తీసేసిన ఆర్‌ఎక్స్‌లో వర్షం పడ్డ రోజు చైన్ చూడండి, ఇసుక అంటుకుని ఉంటుంది. ఆ ఇసుకా నూనే కలిసి పిన్నును ఆకురాయిలా గీరుతాయి. కవరు పోయి ఉంటే పుదుప్పేటలో వెతకండి, సొట్టలు తీయించి రంగు వేయించండి.

పొడవు విషయం త్వరగా చెప్తాను. పాత చైన్ లింకులు లెక్కపెట్టండి. స్ప్రాకెట్లు అసలువి కావని అనుమానం ఉంటే చిన్న లెక్క ఉంది. వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కీ జరిపే అడ్జస్టర్ మధ్యలో చక్రాన్ని పెట్టి, ముందు స్ప్రాకెట్ మధ్య నుంచి వెనక యాక్సిల్ మధ్యకు దూరం కొలవండి. దాన్ని రెట్టించి పిచ్‌తో భాగించండి. దానికి రెండు స్ప్రాకెట్ల పళ్లు కలిపి, సగం చేసి చేర్చండి. ఉదాహరణకు దూరం 560 మిల్లీమీటర్లు, పళ్లు 16, 38 అనుకుందాం. 1120ని 15.875తో భాగిస్తే 70.5. పళ్లలో సగం 27. మొత్తం 97.5. చిన్నా పెద్దా స్ప్రాకెట్ల తేడాకు ఇంకొంచెం కలుస్తుంది, 98 లింకులు పడతాయి. ఎప్పుడూ సరి సంఖ్యకే సర్దుకోండి. బేసి సంఖ్య కావాలంటే వంకర ప్లేటున్న సగం లింకు వేయాలి, చైన్‌లో బలహీనమైన చోటు అదే. రెండు లింకులు తీస్తే చక్రం దాదాపు 16 మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది, అడ్జస్టర్‌లో ఆ చోటు ఉందో లేదో చూసుకోండి.

కొనేటప్పుడు డబ్బా మీద పేరు కాదు, చైన్ తీయించి ప్లేటు చూడండి. మంచి చైన్‌కు బయటి ప్లేట్ల మీద కంపెనీ పేరు, నంబరు పొడిచి ఉంటాయి, చైన్ పొడుగునా. డబ్బాలో ఒక పేరు, ప్లేటు మీద ఏమీ లేకపోతే వెనక్కి ఇచ్చేయండి. డి.ఐ.డి., రెనాల్డ్ లాంటి విదేశీ పేర్లకే నకిలీలు ఎక్కువగా చూశాను. మన 350 సీసీ బళ్ల శక్తికి మన ఊళ్లో చేసిన అసలు చైన్ చాలు, నకిలీ విదేశీ చైన్ కంటే వంద రెట్లు నయం.

బిగించేటప్పుడు చైన్ లాకు, అంటే చైన్ రెండు చివర్లనూ కలిపే లింకు, సంగతి. లాకు క్లిప్పు మూసి ఉన్న చివర చైన్ కదిలే దిక్కుకు ఉండాలి. పై వరుసలో చూస్తే బండి ముందు వైపుకు. తెరిచిన చివర ముందుకు ఉంటే రాయో, కవరో తగిలి క్లిప్పు ఊడుతుంది. చైన్ తెగి ముందు స్ప్రాకెట్‌కు చుట్టుకుంటే కేసు పగులుతుంది, వెనక చక్రం పట్టేస్తుంది. పాత లాకును కొత్త చైన్‌కు వాడకండి. ప్రైమరీ కేసు వెనక ఉన్న స్ప్రాకెట్‌కు చైన్ ఎక్కించాలంటే, పాత చైన్ చివరకు కొత్తదాన్ని లాకుతో తగిలించి లాగండి, దానంతటదే చుట్టుకుని వస్తుంది.

టెన్షన్ పెట్టేటప్పుడు చక్రం మెల్లగా తిప్పుతూ అన్నిటికంటే టైట్‌గా ఉన్న చోటు పట్టుకోండి. అక్కడ కింది వరుస మధ్యలో పైకీ కిందికీ ఒక అంగుళం ఆడాలి. బండి మీద మనిషి కూర్చున్నాకా ఆడుతుండాలి. ఎక్కువ టైట్ చేస్తే గేర్ బాక్స్ బేరింగ్ పోతుంది, ఆ ఖర్చుకు పది చైన్లు వస్తాయి. బుల్లెట్‌లో చైన్ టెన్షన్ సర్దే నత్త ఆకారపు క్యామ్‌లు రెండు వైపులా ఒకే గాటులో ఉన్నాయా చూసుకోండి. చైన్ సర్దిన తర్వాత వెనక బ్రేక్ రాడ్ కూడా సర్దాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

ఏంటమ్మా, అడగండి. సరే, ప్రశ్న ఏంటంటే, నూనె ఏది వేయాలి? మామూలు చైన్‌కు 90 గేర్ ఆయిల్ చాలు. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, బండి నడిపి వచ్చాక చైన్ వెచ్చగా ఉన్నప్పుడు, లోపలి, బయటి ప్లేట్లు కలిసే సందులో చుక్కలుగా వేయండి. నూనె వెళ్లాల్సింది పిన్ను దగ్గరకు. రోలర్ మీద పోస్తే చక్రం మీదికే చిమ్ముతుంది. షెడ్డులో తీసిన పాత ఇంజన్ ఆయిల్ వద్దు, దానిలో లోహపు పొడి ఉంటుంది. ఓ రింగ్ చైన్ ఉన్నవాళ్లు పెట్రోలు, థిన్నరు, వైర్ బ్రష్ వాడకండి, రబ్బరు పాడవుతుంది.

ఇంకొకరు అడుగుతున్నారు, కొన్న చైన్ పొడుగైతే ఎలా కోయాలని. పిన్ను తలను గ్రైండర్‌తో ప్లేటు మట్టానికి అరగదీసి, చైన్ కట్టర్‌తో పిన్నును తోయండి. సుత్తీ మేకూ పెట్టి కొడితే పక్క లింకు వంగుతుంది. కోసిన ముక్క పారేయకండి, కొత్త లాకు ఒకటి, ఆ ముక్క, రెండూ టూల్ బాక్సులో పెట్టుకోండి. మొదటి 500 కిలోమీటర్లలో కొత్త చైన్ కొంచెం లూజు అవుతుంది, అప్పుడు ఒకసారి సర్దితే తర్వాత చాలా రోజులు అడగదు.

ఇప్పుడు వెర్నియర్ తీసుకుని బయటికి పోదాం. ముందు ఆ రాజ్‌దూత్ స్ప్రాకెట్ కొలుద్దాం, తర్వాత బుల్లెట్లు వరుసగా.